పటం చుట్టూ ఎంత అలంకారం?

గోడకు తగిలించిన పటంలో చట్రం ఎవరి పక్షాన ఉన్నదనేది సౌందర్యశాస్త్రంలో చాలాకాలంగా నలుగుతున్న తగవు. జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ పద్ధెనిమిదో శతాబ్దం చివర సౌందర్య నిర్ణయాన్ని గురించి రాసిన గ్రంథంలో చిత్రపటాల చట్రాలను, విగ్రహాల మీది వస్త్రాలను, భవనాల చుట్టూ ఉండే స్తంభాల వరుసలను ఒకే కోవకు చేర్చి, వాటిని 'పారెర్గా' అన్నాడు; అంటే అసలు కృతిలో అంతర్భాగం కాకుండా, బయటినుంచి దానికి తోడుగా నిలిచే అంగాలు. చట్రం తన ఆకృతితో బొమ్మకు వన్నె తెస్తే అది ఆభరణమేననీ, బంగారు పూతతో మెరిసి చూపరి మెప్పును గుంజుకోవడానికే తగిలించినదైతే అది అసలు అందానికి చేటు చేసే డాబు మాత్రమేననీ ఆయన తేల్చాడు. ఫ్రెంచి తత్వవేత్త జాక్ డెరిడా 1978లో వెలువడిన తన పుస్తకంలో ఇదే మాటను మళ్లీ తవ్వి, అంతర్భాగం కానిదే అయితే అది లేనప్పుడు కృతికి ఏదో లోటున్నట్టు ఎందుకనిపించాలని నిలదీశాడు. పెళ్లి ఫొటోకో, బడిలో తీయించిన గ్రూపు ఫొటోకో పాలిమర్ క్లేతో పూలూ తీగలూ చేసి అతికిస్తూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నవారికి ఈ పండిత చర్చ అక్కర్లేనిదిగా తోచవచ్చు గానీ, ప్రతి పువ్వునూ అతికించే ముందు వారి చెయ్యి ఆగేది కూడా సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే: ఇంకొకటి పెట్టాలా, ఇక చాలా?

ఈ ప్రశ్న అన్ని పదార్థాలతోనూ ఒకే తీవ్రతతో ఎదురుకాదు. పాలిమర్ క్లే విషయంలో అది ఎందుకంత పదునెక్కుతుందో తెలియాలంటే ముందు ఆ పదార్థం స్వభావం తెలియాలి. చెరువుమట్టితోగాని కుమ్మరి మట్టితోగాని దీనికి చుట్టరికం లేదు. నీటి గొట్టాలకూ కరెంటు తీగల తొడుగులకూ వాడే పాలీవినైల్ క్లోరైడ్‌ను, అంటే అందరూ పీవీసీ అని పిలిచే ప్లాస్టిక్‌ను, మెత్తని పొడిగా తీసుకుని, ప్లాస్టిసైజర్ అనే నూనెవంటి ద్రవంతో కలిపి, రంగుపొడులూ పూరక పదార్థాలూ చేర్చి పిసికితే వచ్చే ముద్ద ఇది. ఇందులో నీరు లేదు గనుక గాలికి ఆరదు. ఆరదు గనుక, మైదా, జిగురు కలిపి ఇళ్లలో చేసుకునే ముద్దలాగా కుంచించుకుని బీటలు వారదు. రకాన్ని బట్టి 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి తగిలినప్పుడు మాత్రం ఆ పొడి రేణువులు చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకుని ఉబ్బి, ఒకదానినొకటి కరుచుకుని, చల్లారాక గట్టి ప్లాస్టిక్ బిళ్లగా నిలిచిపోతాయి. అంతవరకు అది మెత్తగానే ఉంటుంది. ఎండ తగలకుండా మూతపెట్టి దాచితే నెలల తర్వాత తీసినా వేళ్లతో పిసికి మళ్లీ దారికి తెచ్చుకోవచ్చు.

దీని పుట్టుక బొమ్మల తయారీతో ముడిపడి ఉంది. జర్మనీలో బాడ్ క్యోజెన్ పట్టణంలో గుడ్డబొమ్మలు చేసి పేరుపొందిన కేథె క్రూజె అనే ఆమె దగ్గరకు, ఇట్టే అంటుకునే సెల్యులాయిడ్‌కు బదులుగా వాడవచ్చునన్న ఉద్దేశంతో, రెండో ప్రపంచయుద్ధ కాలానికి కాస్త ముందు ఇటువంటి ముద్ద ఒకటి చేరింది. బొమ్మల కార్ఖానాకు అది పనికిరాలేదు గానీ, ఫిఫి అనే ముద్దుపేరున్న ఆమె కూతురు సోఫీ దాన్ని చేతిపనికి అనువుగా మార్చింది. 1960లలో ఎబర్‌హార్డ్ ఫాబర్ అనే పెన్సిళ్ల కంపెనీ ఆ సూత్రాన్ని కొని, 'ఫీమో' పేరుతో అమ్మకానికి పెట్టింది. ఇంచుమించు అదే దశాబ్దంలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 'స్కల్పీ' అనే రకం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్లలో వేడిని లాగివేసే పూతగా ఉద్దేశించిన పదార్థం ఆ పనికి చాలక, ఎవరో దానిని బొమ్మగా మలిచి ఓవెన్‌లో పెట్టి చూసిన తర్వాత చేతిపనివారి పాలబడిందని దాని కథ. రెండు కథల్లోనూ ఈ ముద్ద అనుకున్న పనికి పనికిరాక ఆటవస్తువైంది. కళావస్తువుగా గుర్తింపు రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. అమెరికాలోని రసీన్ ఆర్ట్ మ్యూజియం 2011లో పాలిమర్ కళాకృతులతో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసేనాటికి ఈ పనిలో ఆరితేరిన ఒక తరం తయారై ఉంది.

ఏ పదార్థమైనా తనతో పనిచేసేవారికి కొన్నిచోట్ల అడ్డం చెబుతుంది, ఆ అడ్డంకి లోబడే పనితనం రూపుదిద్దుకుంటుంది. ఏటికొప్పాకలో లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగులక్కను ఒత్తితే రాపిడి వేడికి లక్క మెత్తబడి కర్రకు పట్టుకుంటుంది. తిరిగే వస్తువు మీదనే ఈ పని సాగాలి గనుక అక్కడి బొమ్మల్లో గుండ్రదనం, చుట్టూ తిరిగే రంగుచారలు వాటంతటవే వచ్చాయి. హైదరాబాదు లాడ్‌బజార్‌లో నిప్పుల మీద మెత్తబరిచిన లక్కను గాజుగా చుట్టి, అది చల్లబడి బిగుసుకునేలోగా అద్దాలూ రాళ్లూ అద్దాలి. ఆ కొద్ది సమయమే అక్కడ చేతికి వేగాన్నీ పొదుపునూ నేర్పుతుంది. కొండపల్లిలో తేలికైన పొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన 'మక్కు'తో అవయవాలను అతుకుతారు. మక్కు ఆరేదాకా ఆగక తప్పదు, ఆరాక దిద్దుకోవడం కష్టం. పాలిమర్ క్లే స్వభావం వీటన్నిటికీ పూర్తిగా విరుద్ధం. లక్కకు వేడి తగిలితే మెత్తన, చల్లారితే గట్టి. క్లేకు చల్లగా ఉన్నంతసేపూ మెత్తదనమే, ఒకసారి వేడి చూస్తేనే గట్టిదనం. తొందరపెట్టదు, ఎండిపోతానని బెదిరించదు, అడిగిన రంగు ధరిస్తుంది, పచ్చరాయిలా ఉండమంటే అలాగే ఉంటుంది, దంతంలా, చెక్క చారలా, పాత కంచులా కనిపించమన్నా కాదనదు. తప్పు చేస్తే ఉండచేసి మళ్లీ మొదలుపెట్టమంటుంది. సొంత ముఖమంటూ లేని ఇంతటి విధేయత పనివారికి వరంలా కనిపించినా, అసలు చిక్కు అందులోనే ఉంది; ఎక్కడ ఆగాలో చెప్పని పదార్థం ఎక్కువ చేయించుకుంటుంది. చట్రం ఈ పదార్థానికి తగిన మంచి పాఠశాల కావడానికి కారణం, క్లే పెట్టని హద్దులన్నీ చట్రం పెట్టడమే: నాలుగు పట్టీల వెడల్పు, నాలుగు మూలలు, వెనుక గాడి, మేకు మోయగల బరువు, అన్నిటికంటె ముఖ్యంగా మధ్యలో కూర్చున్న బొమ్మ.

మెత్తని ముద్దను అచ్చుకొట్టి చట్రాన్ని అలంకరించడం ప్లాస్టిక్ యుగంతో మొదలైన అలవాటేమీ కాదు. పద్ధెనిమిదో శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లండు చట్రాల తయారీదారులు సుద్దపొడి, జంతుచర్మం నుంచి తీసిన జిగురు, అవిసె నూనె, పైన్ చెట్టు బంక కలిపి 'కాంపో' అనే ముద్ద తయారుచేసి, అది వెచ్చగా ఉండగా గట్టికర్రలో చెక్కిన అచ్చుల్లోకి నొక్కి, ఆకులుగా పూసలుగా శంఖాలుగా తీసి, చెక్క చట్రానికి అతికించి పైన బంగారురేకు అద్దేవారు. ఒక్కొక్క ఆకును ఉలితో చెక్కే వడ్రంగి పని చాలావరకు దీనితో మరుగున పడింది. అచ్చు ఒకటి ఉంటే ఎన్ని ఆకులైనా వస్తాయి గనుక చట్రాల మీద ఆకులు పెరిగాయి. పందొమ్మిదో శతాబ్దపు ప్రదర్శనశాలల్లో కొన్ని చిత్రాలు తమ చట్రాల బరువు కింద నలిగిపోయినట్టు కనిపించడానికి ఒక కారణం ఈ చవకదనమే. కాంపో ఆరే కొద్దీ కుంచించుకుని సన్నని బీటలు తీస్తుంది. పాత చట్రాన్ని చేతిలోకి తీసుకున్న నిపుణులు ఆ బీటలను చూసి అది చెక్కుడుపని కాదని పోల్చుకుంటారు. ఈ ఆడంబరానికి విసిగిన చిత్రకారులు కొందరు తమ చట్రాలను తామే చేసుకోవడం మొదలుపెట్టారు. వాన్‌గోహ్ 1887లో పండ్లను చిత్రించిన ఒక పసుపుపచ్చ చిత్రానికి సాదా చెక్క చట్రం బిగించి, చిత్రంలోని పసుపునే చట్రం మీదికి కూడా కుంచెతో పాకించాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆయన పేరిటి మ్యూజియంలో అది ఇప్పటికీ అదే చట్రంతో ఉంది. అక్కడ ఆకులూ లేవు, శంఖాలూ లేవు. చట్రానికి చేసిన అలంకారమల్లా బొమ్మ రంగును ఇంకాస్త ముందుకు తీసుకుపోవడమే.

అయితే అలంకారాన్ని పూర్తిగా మానుకోవడమే ఉత్తమ అభిరుచి అన్న నిర్ధారణకు రావడం కూడా తొందరపాటే అవుతుంది, ఎందుకంటే చట్రం నిండుగా ఉండి కూడా బొమ్మకు అడ్డురాని సంప్రదాయం ఒకటి మొగలు దర్బారులో వర్ధిల్లింది. 'మురక్కా' అని పిలిచే ఆల్బమ్‌లలో ఒక్కొక్క చిత్రాన్ని, లేదా ఒక్కొక్క అందమైన చేతిరాత ముక్కను, పెద్ద కాగితం మధ్యలో అతికి, చుట్టూ విశాలమైన అంచును చిత్రించేవారు. ఆ అంచును 'హాషియా' అంటారు. చాలా పుటల్లో హాషియా వైశాల్యం లోపలి బొమ్మకంటె ఎక్కువగానే ఉంటుంది. జహంగీర్ కాలపు ఆల్బమ్‌లలో ఈ అంచుల మీద మనుషులు కనిపిస్తారు, ఒక ప్రసిద్ధమైన పుటలో కాగితాన్ని సాపుచేసేవారు, పుస్తకానికి అట్టకట్టేవారు వంటి గ్రంథశిల్పులే అంచుమీద కూర్చుని తమ పని తాము చేసుకుంటూ ఉంటారు. షాజహాన్ నాటికి వారి స్థానంలో పూలమొక్కలు వచ్చాయి, ఒక్కొక్క మొక్క వేరువేరుగా, చుట్టూ కొంత ఖాళీ వదులుకుని, బంగారు గీత అంచుతో నిలబడుతుంది. ఇంత చిత్రణ ఉండి కూడా కన్ను ముందుగా మధ్యకే పోవడానికి కారణాలు ఆ పుటలను తీరికగా చూస్తే తెలుస్తాయి. లోపలి చిత్రం నిండురంగుల్లో ఉంటే అంచులోని బొమ్మలు చాలావరకు బంగారు గీతతో, పల్చని రంగుతో ఉంటాయి, అంటే ఒక గొంతు తగ్గించి మాట్లాడతాయి. రెండోది, చిత్రానికీ హాషియాకూ మధ్య 'జద్వల్' అనే సన్నని సరళరేఖల కట్టు ఉంటుంది. రంగు గీత, బంగారు గీత, మళ్లీ రంగు గీత. ఆ కట్టు దగ్గర చూపు ఒక్కక్షణం ఆగి, అలంకారాన్ని వదిలి, బొమ్మలోకి దిగుతుంది. ఇంట్లో చట్రం చేసుకునేవారికి ఏ సౌందర్యశాస్త్రమూ చెప్పలేనంత స్పష్టంగా ఈ రెండు సూత్రాలను ఆ అంచు చిత్రకారులు చెప్పి వెళ్లారని ఒప్పుకోవాలి. పట్టీకి లోపలి అంచున, అద్దానికి ఆనుకుని, అర సెంటీమీటరు మేర ఏ పనీ లేని సాదా గీతను వదిలినవారి చట్రానికీ, అద్దం అంచుదాకా పూలు పాకించినవారి చట్రానికీ తేడా గది అవతలి నుంచే తెలిసిపోతుంది.

ఈ సూత్రాలు చేతిలోకి వచ్చేసరికి ఎలా పరీక్షకు నిలబడతాయో ఒక ఉదాహరణతో చూడవచ్చు. పది సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల పొడవు ఉన్న ఫొటోకు, చుట్టూ నాలుగు సెంటీమీటర్ల పట్టీలున్న చెక్క చట్రం తీసుకుంటే దాని ముఖభాగం వైశాల్యం 264 చదరపు సెంటీమీటర్లు. పాలిమర్ క్లే పనిలో అందరికీ ప్రీతిపాత్రమైన పద్ధతి 'మిల్లెఫియోరి'. వెయ్యి పూలు అని అర్థం వచ్చే ఈ ఇటాలియన్ పేరు వెనిస్ దగ్గరి మురానో దీవిలోని గాజుపని నుంచి వచ్చింది. రంగురంగుల కడ్డీలను పక్కపక్కన పేర్చి, నిలువునా ఒకే నమూనా సాగేలా లావుపాటి కడ్డీగా కూర్చి, అడ్డంగా కోస్తే ప్రతి ముక్క ముఖాన అదే పువ్వు కనిపిస్తుంది. మడతకాజాను ఎక్కడ కోసినా అవే చుట్లు కనిపించినట్టు. ఇందులోని అసలు చమత్కారం కుదింపు. నాలుగు సెంటీమీటర్ల లావు, ఐదు సెంటీమీటర్ల పొడవు ఉన్న కడ్డీని నలువైపులా నెమ్మదిగా నొక్కుతూ, లాగుతూ ఒక సెంటీమీటరు లావుకు తెస్తే, ఘనపరిమాణం మారదు గనుక పొడవు పదహారు రెట్లై 80 సెంటీమీటర్లవుతుంది. లోపలి పువ్వు మాత్రం చెక్కుచెదరకుండా, ఏ కుంచే గీయలేనంత సన్నని రేకులతో చిన్నదైపోతుంది. రెండు చివర్లలో నమూనా వంకరపోతుంది గనుక ఆ కొనలను తీసివేయాలి. మిగిలినదాన్ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి బిగిసిన తర్వాత, ప్రతి కోతకూ కడ్డీని కొద్దిగా తిప్పుతూ పలుచని బ్లేడుతో కోస్తే పువ్వు ఒకవైపు నలగదు. రెండు మిల్లీమీటర్ల మందాన కోసినా మూడువందలకు పైగా బిళ్లలు వస్తాయి. అంటే పిడికెడంత ముద్ద నుంచి చట్రం మొత్తాన్ని ఖాళీ లేకుండా కప్పెయ్యగలిగినన్ని పూలు ఒక సాయంత్రంలో పుట్టుకొస్తాయన్నమాట, కాంపో అచ్చులు పెట్టిన ఆశనే ఈ కడ్డీ కూడా పెడుతుంది. మూడువందల పూలు చేతిలో ఉండి ముప్ఫై పూలతో సరిపెట్టుకోవడానికి కావలసింది నైపుణ్యం కంటె నిగ్రహం, కోయకుండా మిగిలిన కడ్డీ చెడిపోదని గుర్తుంచుకుంటే ఆ నిగ్రహం కొంత సులువవుతుంది.

చట్రం చేసినవారి ఓర్పు మూలల దగ్గర బయటపడుతుంది. రెండు పట్టీలు ఒక్కొక్కటి 45 డిగ్రీల ఏటవాలు కోతతో కలుసుకునే చోట, నిలువు పట్టీ మీద ఎక్కివస్తున్న తీగ అడ్డపట్టీ మీదికి ఎలా మళ్లాలన్నది తేలిక ప్రశ్న కాదు. మధ్యనుంచి మొదలుపెట్టి మూలకు వచ్చేవారికి చివర సగం ఆకే పట్టే చోటు మిగులుతుంది, అప్పుడు ఆకును నొక్కి కుదించాలి లేదా మధ్యలో కోసెయ్యాలి, ఏదిచేసినా అతుకు కనిపిస్తుంది. అనుభవజ్ఞులు మూలతోనే మొదలుపెడతారు: నాలుగు మూలలకూ నాలుగు ఒకే తీరు పూలు ముందు కుదిర్చి, అక్కడినుంచి రెండువైపులా తీగను మధ్యకు నడిపిస్తారు. మధ్యలో రెండు తీగలు కలిసే చోట కొంచెం ఎడం వచ్చినా కంటికి ఇంపుగానే ఉంటుంది. మూలలో వచ్చిన ఎడం మాత్రం క్షమార్హం కాదు.

పని పూర్తయిన చట్రానికి మిగిలింది వేడి. పాలిమర్ క్లే ఈ ఒక్కచోట మాత్రమే మొండికేస్తుంది గనుక ఇక్కడి జాగ్రత్తలను కళాచర్చలో పడి దాటవేయడం తగదు. ముందుగా అద్దాన్నీ ఫొటోనూ వెనుక అట్టనూ తీసి పక్కన పెట్టాలి. చట్రం ప్లాస్టిక్‌దైతే ఓవెన్‌లో పెట్టే ప్రసక్తే ఉండకూడదు. చెక్కలో దాగిన తేమ వేడికి ఆవిరై క్లే కింద బుడగలు లేపుతుంది, అందుచేత ఉత్త చెక్కను ముందే ఒకసారి వేడిచేసి, చల్లారాక ఫెవికాల్ వంటి తెల్లజిగురును పల్చగా పూసి ఆరనిచ్చి, ఆపైన క్లే పరచడం మంచిది. చెక్కకు క్లే తనంతట తాను అంటుకోదు. ఇళ్లలో ఓటీజీ అని పిలిచే ఓవెన్ల మీటలు చూపే అంకెకూ లోపలి అసలు వేడికీ తేడా ఉండటం మామూలు గనుక లోపల పెట్టుకునే చిన్న ఉష్ణమాపకం ఒకటి కొనడం దండుగ కాదు. ప్యాకెట్టు మీద ముద్రించిన ఉష్ణోగ్రతనూ సమయాన్నీ పాటిస్తే చాలు. తక్కువ వేడిలో ఉడికిన ముక్క పైకి గట్టిగా కనిపించినా లోపల రేణువులు కలవక, వేలితో వంచగానే పుటుక్కున విరుగుతుంది. మితిమీరిన వేడికి మాడితే పీవీసీ నుంచి గొంతునూ కళ్లనూ మండించే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మైక్రోవేవ్‌లో దీన్ని పెట్టనే కూడదు. వేడి దిగాక చట్రాన్ని ఓవెన్‌లోనే చల్లారనిస్తే, చెక్కా ప్లాస్టిక్కూ వేరువేరు పాళ్లలో ముడుచుకోవడం వల్ల వచ్చే బీటలు చాలావరకు తప్పుతాయి. పచ్చి ముద్దను వార్నిష్ బల్లమీద రాత్రంతా వదిలితే అందులోని ద్రవం వార్నిష్‌ను కరిగించి మచ్చ చేస్తుందన్నది, బల్ల పాడయ్యాక తెలుసుకోవడం కంటె ఇక్కడ చదివి తెలుసుకోవడం మేలు.

అలంకారంలో ఎంత అన్నదాని తర్వాత వచ్చే ప్రశ్న ఏది అన్నది. సముద్రతీరంలో తీసిన ఫొటోకు గవ్వలు, చంటిబిడ్డ ఫొటోకు పాలసీసాలు గిలకలు, పెళ్లి ఫొటోకు హృదయాకారాలు అద్దడం ఈ పనిలో సర్వసాధారణం. బొమ్మ చెప్పినదాన్నే చట్రం మళ్లీ చెబితే వినేవారికి రెండుసార్లు విన్న విసుగు తప్ప కొత్తగా తెలిసేది ఉండదు. పైగా గవ్వలు చుట్టూ ఉన్నాయి గనుక లోపల సముద్రం ఉన్నదని ఎవరికీ అనుమానం ఉండక, ఆ ఒడ్డున నిలబడ్డ మనిషి ముఖంలోని అలసటనో ఆనందాన్నో వెతకాలన్న ఆసక్తి కూడా తగ్గుతుంది. దుకాణాల్లో దొరికే చట్రాల మీద కుటుంబం, ప్రేమ వంటి మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో పోతపోసి ఉంచడం ఈ ధోరణికి పరాకాష్ఠ. లోపలివాళ్లు ఒక కుటుంబమని ముఖాలు చూసినా ఎవరూ గుర్తుపట్టరేమోనన్న భయం ఆ తయారీదారులకు ఎందుకు పట్టుకుందో అర్థం కాదు. దానికి బదులు ఫొటోలో ఏదో ఒక మూల ఉన్న చిన్న వివరాన్ని, ఒక పాత చీర రంగునో, నేపథ్యంలోని కిటికీ ఊచల తీరునో, ఎంచుకుని దాన్నే చట్రంలోకి తెస్తే చూపరి చూపు ఆ రంగును వెతుక్కుంటూ లోపలికి నడుస్తుంది. ఒక రంగు మరో రంగులోకి క్రమంగా కరిగేలా ముద్దను పరిచే పద్ధతి, దాన్ని కనిపెట్టిన జూడిత్ స్కిన్నర్ పేరుతో 'స్కిన్నర్ బ్లెండ్'గా వాడుకలో ఉంది. రెండు త్రికోణాలను చతురస్రంగా పేర్చి, ఎప్పుడూ ఒకే దిక్కున మడుస్తూ పదేపదే రోలర్ల కింద నడిపితే, కుంచె పట్టకుండానే మెల్లగా మారే రంగు వస్తుంది. నలుపు తెలుపు ఫొటో చుట్టూ బూడిద రంగు నుంచి లేత గోధుమ రంగుకు ఇలా మారే సాదా పట్టీ ఒక్కటి చాలు, ఒక్క పువ్వు కూడా అక్కర్లేదు.

తెలుగు ఇళ్లలో పటానికి అలంకారం చేసే అలవాటు ఈ ప్లాస్టిక్ ముద్దకంటె ఎంతో పాతది. దేవుడి పటం అద్దం మీద పసుపు, కుంకుమ బొట్లు, చట్రం పైఅంచున పూలు, పోయినవారి ఫొటోకు దండ: ఇవన్నీ పారెర్గా కోవకే చేరతాయి గానీ కాంట్ లెక్కలోకి రాని ఒక గుణం వీటికి ఉంది, అది వాడిపోవడం. పొద్దున పెట్టిన పువ్వు మర్నాటికి తీసెయ్యాలి గనుక ఆ అలంకారం చేసినవారిని రోజూ పటం దగ్గరకు రప్పిస్తుంది. 1894లో బొంబాయిలో నెలకొల్పిన రాజా రవివర్మ అచ్చుకూటం నుంచి వెలువడిన రంగుబొమ్మలను ఇళ్లకు తెచ్చుకున్నవారిలో కొందరు, బొమ్మలోని దేవత చీర మీద నిజమైన జరీనీ తళుకులనూ కుట్టి అప్పుడు అద్దం బిగించారు. అలా చేతిపని తోడైన ప్రతులు నేటికీ సేకర్తల దగ్గర ఉన్నాయి. అచ్చులో వేలకొద్దీ వచ్చిన ఒకే బొమ్మను ఆ కుట్టుపని తమ ఇంటి బొమ్మగా మార్చింది. ఫోనులో క్షణాల మీద పుట్టే ఫొటోకు చేతితో చట్రం చేయాలన్న కోరిక ఆ కుట్టుపనికి దగ్గరి చుట్టమే గనుక దానిని కాలక్షేపమని తీసిపారేయడం న్యాయం కాదు. కాకపోతే పాలిమర్ పువ్వు వాడదు. వాడదు గనుక దాన్ని మార్చే పని లేదు, మార్చే పని లేదు గనుక కొన్నాళ్లకు అది గోడలో కలిసిపోయి కంటికి ఆనకుండా పోతుంది. పీవీసీ మట్టిలో కలిసేది కాదు కనుక గోడమీదినుంచి దించినా అది ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. కోసిపడేసిన కొనలనూ మిగిలిన ముక్కలనూ కలిపి పిసికి తర్వాతి పనికి అడుగుపొరగా వాడుకోవడం, అవసరానికి మించి ఉడికించకపోవడం ఈ పనిలో కనీస మర్యాదలు.

వాడని చట్రం ఫొటోను మించి బతుకుతుంది. ఎండ తగిలే గోడమీద రంగు ఫొటో వెలుస్తుంది; పిల్లలు పెరిగాక ఆ ఫొటో స్థానంలో ఇంకొకటి పెట్టాలని అనిపిస్తుంది. అందుచేత క్లేను గాడిలోకిగాని వెనుక మేకుల మీదికిగాని పాకనివ్వకుండా, వెనుక అట్ట ఎప్పుడైనా ఊడదీసేలా ఉంచడం ముందుచూపు. ఫొటో మారినా చట్రం పరాయిదిగా కనిపించకూడదంటే, హాషియా చిత్రకారుల లాగా అలంకారాన్ని ఒక గొంతు తగ్గించి చేసినవారికే అది సాధ్యం. చట్రం మీద ఎంత పనితనం చూపినా లోపలి మనుషులెవరో అది చెప్పలేదు. దాదాపు ప్రతి ఇంట్లోనూ మంచి చట్రంలో భద్రంగా ఉన్న ఒక పాత గ్రూపు ఫొటో, అందులో మూడో వరుసలో ఎవరికీ పేరు తెలియని ఒక మనిషి ఉండనే ఉంటారు. చట్రం చల్లారి అద్దం బిగించే ముందు, వెనుక అట్ట మీద మెత్తని పెన్సిలుతో లోపలివారి పేర్లు, ఊరు, సంవత్సరం, ఎడమనుంచి కుడికి వరుస తప్పకుండా, తెలుగులో రాసి పెట్టండి.